శారద పుస్తకం ఉందా?

తెలుగు పుస్తకాల జాబితాల్లో ఇంటిపేరు లేకుండా ఒక ఆడపేరు పట్టుకుని వెతికితే ఏం దొరుకుతుందో చూడాలంటే "శారద" అన్న పేరు తీసుకోండి. దొరికేది ఒక రచయిత్రి కాదు. బందరు నుంచి వచ్చిన మాసపత్రిక ఒకటి, ఒక ఉత్తరాల సంపుటి, తెనాలిలో హోటల్లో పనిచేసినాయన రాసిన నవలలు, తిరుపతిలో ఆడపిల్లలకు పాఠాలు చెప్పినావిడ కథలు, రామకృష్ణ పరమహంస భార్య జీవితచరిత్ర, ఒక జమీందారీ ఇంటి కథానాయిక, అన్నిటికీ పైన ఒక చట్టం. ఒకదానికొకటి చుట్టరికం లేనివి. పేరు ఒక్కటే కలిసింది.

వీటిని మొదట ఒకచోట చేర్చింది నేను కాదు. తునిలో మా అమ్మమ్మ. తాతగారి లెక్కల పుస్తకంలో మిగిలిపోయిన కాగితాల మీద ఆవిడ తన పుస్తకాల జాబితా రాసుకుంది. వీధిలో ఆడవాళ్లకు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేదట. ఎవరు తీసుకెళ్లారో, ఎప్పుడు తెచ్చారో పక్కన పెన్సిలుతో గీతలు. అక్షరక్రమం ఉంది గాని అది గ్రంథాలయాల వాళ్ల క్రమం కాదు. రచయిత పేరు దొరికితే రచయిత పేరు, అది గుర్తులేకపోతే పుస్తకం పేరు, అదీ కాకపోతే కథలో ఆడమనిషి పేరు. "శా" దగ్గర ఒకే అరవై పేజీల చివర ఆరు పుస్తకాలు వరసగా ఉన్నాయి: శారద లేఖలు, శారద పత్రిక బైండు, నారాయణరావు, శారద కథ, శారదామాత చరిత్ర, మంచీ చెడూ, పత్రికలోంచి కత్తిరించి కుట్టినది, "శారదగారు, తెనాలి ఆవిడ", పగడాలు, శారదాదేవి. ఎవరైనా వచ్చి "శారద పుస్తకం ఉందా" అని అడిగితే ఆవిడ ఏదిచ్చి పంపేదో తెలీదని మా అమ్మ నవ్వుతుంది. పుస్తకాల్లో చాలా భాగం పోయాయి. జాబితా మిగిలింది.

ఆ "తెనాలి ఆవిడ" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు పేరు సంగతి.

మా అమ్మమ్మ పేరు శారద కాదు. 1920ల ప్రాంతంలో తుని చుట్టుపక్కల పుట్టిన ఆడపిల్లల పేర్లు వేరు. సూరమ్మ, వీరమ్మ, అచ్చియ్యమ్మ. అన్నవరం దగ్గర కాబట్టి సత్తెమ్మలు బోలెడు. లోవ కొండమీద తలుపులమ్మ తల్లి ఉంది కాబట్టి తలుపులమ్మలు, లోవలక్ష్ములు, మగపిల్లాడైతే లోవరాజు. ఇవి ఊరి దేవతల పేర్లు, మొక్కుబడి పేర్లు, చచ్చిపోయిన నాయనమ్మల పేర్లు. పిలిస్తే ఏ తాలూకా మనిషో తెలిసిపోయే పేర్లు. "శారద" అలాంటి పేరు కాదు. అది పుస్తకంలోంచి వచ్చిన పేరు. సరస్వతికి పేరే కాని గుడికి వెళ్లి మొక్కుకుంటే పెట్టే పేరు కాదు, చదువుకున్న తండ్రి ఆలోచించి పెట్టే పేరు.

1920లలో ఈ పేరు తెలుగుదేశంలో ఎక్కడెక్కడ వినబడిందో చూడండి. 1922లో గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడపిల్లల చదువుకోసం పెట్టిన సంస్థ పేరు శారదా నికేతనం. 1923లో మచిలీపట్నంలో కౌతా శ్రీరామశాస్త్రి మొదలుపెట్టిన పత్రిక శారద. 1928లో మద్రాసులో కె.ఎన్. కేసరి గృహలక్ష్మి పత్రిక స్థాపించాక అందులో కనుపర్తి వరలక్ష్మమ్మ నెలనెలా రాసిన ఉత్తరాల కింద సంతకం శారద. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని విశ్వనాథ వారి వేయిపడగలుతో పంచుకున్న అడివి బాపిరాజు నవల నారాయణరావులో కథానాయిక శారద. పన్నెండేళ్ల వ్యవధిలో బడి, పత్రిక, ఉత్తరాలు, నవల. చదువుకున్న కొత్త ఆడది ఎలా ఉండాలని అప్పటి వాళ్లు ఊహించుకున్నారో ఆ ఊహకు ఒక పేరు కావలసి వచ్చింది. సూరమ్మ అన్న పేరుతో ఆ ఊహ నిలబడదు. శారద అంటే నిలబడింది.

బాపిరాజు శారద మన గోదావరి మనిషి. జమీందారు గారి అమ్మాయి. తండ్రి రైలు ప్రయాణంలో ఒక కుర్రాణ్ణి చూసి ముచ్చటపడతాడు, ఈ అబ్బాయే మా అమ్మాయికి తగినవాడు అనుకుంటాడు. పెళ్లి సగం ఆ రైలు పెట్టెలోనే అయిపోతుంది. అటుపైన చాలా కాలం శారద మొగుడికి దగ్గర కాదు. అది ఆమె అజ్ఞానమని, చెప్పుడు మాటల ఫలితమని నవల చెబుతుంది. అతని మంచితనం ఆమెకు ఎప్పుడు తెలిసొస్తుందా అని మనం ఎదురుచూడాలి. ఇష్టంగా చదువుకునే నవలే. బాపిరాజు వాక్యం మీద నాకు మోజు ఇప్పటికీ పోలేదు. కానీ అడగకుండా ముడిపెట్టిన పిల్ల ముభావంగా ఉంటే దాన్ని తప్పుగా లెక్కగట్టిన పుస్తకమని కూడా అనిపిస్తుంది. మా అమ్మమ్మ ఆ నవలను నారాయణరావు కింద కాకుండా శారద కింద రాసుకుంది. అందులో విమర్శ ఉందని నేను సాగదీయను. ఆవిడకు ఆ కథ ఎవరిదిగా గుర్తుందో అలా రాసుకుంది.

ఇక చట్టం.

మా అమ్మమ్మ పెళ్లి యానాంలో అయింది. తునిలో రైలెక్కి సామర్లకోట, అక్కణ్ణుంచి కాకినాడ, కాకినాడ నుంచి బళ్ల మీద యానాం. పిల్లకి తొమ్మిదేళ్లు. ఎందుకంత దూరం వెళ్లారమ్మా అంటే ఆవిడ చెప్పిన జవాబు మా ఇంట్లో అందరికీ కంఠస్థం: "ఎవరో శారదట, అడ్డం వచ్చింది." చాలా ఏళ్లు ఆవిడ మనసులో శారద అంటే తన పెళ్లికి అడ్డుపడ్డ ఒక పెద్ద ముత్తయిదువ. ఎక్కడో ఢిల్లీలోనో మద్రాసులోనో కూచుని చిన్నపిల్లలకు పెళ్లిళ్లు చెయ్యొద్దని హుకుం వేసిన మహాతల్లి.

ఆ శారద మగాడు. పేరు కూడా కాదు, ఇంటిపేరు. అజ్మీరుకు చెందిన హరబిలాస్ సార్దా, ఆర్యసమాజ నాయకుడు, హిందువుల గొప్పదనం మీద ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం రాసిన పండితుడు. 1927లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు. మధ్యలో మోరోపంత్ జోషీ అధ్యక్షతన ఒక కమిటీ దేశమంతా తిరిగి వాంగ్మూలాలు తీసుకుంది. అందులో రామేశ్వరీ నెహ్రూ సభ్యురాలు. 1929లో చట్టం అయింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండాలి. నిండకుండా చేస్తే పెద్దవాళ్లకు జుల్మానా, లేదా నెల దాకా జైలు. అయితే చేసిన పెళ్లి మాత్రం చెల్లుతుంది. ఈ చివరి సంగతే అసలు సంగతి. శిక్ష తప్పించుకుంటే చాలు, తాళి తాళే. చట్టం ఆమోదం పొందిన నాటికీ అమల్లోకి వచ్చిన నాటికీ మధ్య ఆరు నెలలు గడువు దొరికింది. ఆ ఆరు నెలల్లో దేశమంతటా హడావిడిగా పసిపిల్లల పెళ్లిళ్లు జరిగాయి. గడువు దాటిన గోదావరి వాళ్లకు యానాం ఉంది. అది ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఊరు, బ్రిటిష్ ఇండియా చట్టం అక్కడ నడవదు. చుట్టుపక్కల నుంచి పెళ్లి బృందాలు వచ్చి పడేసరికి ఆ ఊరికి కళ్యాణపురం అన్న పేరు స్థిరపడింది. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. ఆ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు, అదేదో శుభమైన బిరుదన్నట్టు. ఎవరి కళ్యాణాలు, ఎన్నేళ్ల పిల్లల కళ్యాణాలు అని అడిగేవాళ్లు తక్కువ.

"సార్దా" అన్న మాట తెలుగులోకి వచ్చేసరికి "శారదా" అయింది. పత్రికల వాళ్లు శారదా బిల్లు, శారదా చట్టం అనే రాశారు. ఈ మార్పు అచ్చులో జరిగిన చిన్న సర్దుబాటే అయినా దాని పర్యవసానం పెద్దది. చట్టానికి ఆడముఖం వచ్చింది. చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపుతున్నది ఒక ఆడది అని ఇంటింటా అనుకోవటానికి వీలయింది. తిట్టుకునేవాళ్లు ఆమెను తిట్టుకున్నారు. మరాఠీ వాళ్లకు ఈ పేరు మరోలా కలిసొచ్చింది. 1899లోనే గోవింద బల్లాళ దేవల్ సంగీత శారద అన్న నాటకం రాశాడు. డబ్బాశకు ముసలివాడికి కట్టబెట్టబోయిన పిల్ల పేరు అందులో శారద. మన కన్యాశుల్కం అచ్చయిన రెండేళ్లకు వచ్చిందది. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చిన చట్టానికీ ఆ నాటకానికీ పేరులో పోలిక వట్టి యాదృచ్ఛికం. కానీ చట్టం కాపాడవలసిన పిల్ల పేరూ చట్టం పేరూ ఒకటే కావటం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ మాటకొస్తే జాబితాలో నాలుగో పుస్తకం, శారదామాత చరిత్ర, అదీ ఈ కథే. 1859లో పరమహంసతో పెళ్లయ్యేనాటికి శారదామణికి ఐదేళ్లు, ఆయనకు ఇరవైమూడు. భక్తులకు అది దైవలీల. తొమ్మిదేళ్లకు యానాంలో తలవంచుకు కూచున్న మనిషి ఆ పేజీ ఎలా చదువుకుందో అని మాత్రం అనుకుంటూ ఉంటాను.

శారద లేఖల దగ్గరికి వద్దాం. ఇవి 1928 నుంచి ఆరేళ్లపాటు గృహలక్ష్మిలో వచ్చాయి. అంటే బిల్లు ఇంకా చర్చల్లో ఉండగా మొదలై చట్టం అమల్లోకి వచ్చాక కూడా సాగాయి. శారద అనే స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు రాస్తుంది. ఖద్దరు, ఆడపిల్లల చదువు, సభలు, ప్రయాణాలు, వంటింటి సంగతులు, శారదా చట్టం, విడాకుల హక్కు, అన్నీ ఆ ఉత్తరాల్లోకి వస్తాయి. పిల్లల పెళ్లిళ్లు ఆపే చట్టాన్ని శారద సమర్థిస్తుంది. శారద సమర్థించిన శారదా చట్టం. అప్పటి పాఠకురాలికి ఇద్దరూ ఒకరే అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

వరలక్ష్మమ్మకు ఇలా పేరు మార్చుకోవటం కొత్త కాదు. అంతకు ముందే ఆంధ్రపత్రికలో లీలావతి అన్న పేరుతో "మా చెట్టునీడ ముచ్చట్లు" అనే శీర్షిక నడిపింది. 1896లో బాపట్లలో పుట్టి, అక్కడే 1931లో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించి, సభల్లో తన పేరుతోనే మాట్లాడిన మనిషి. పిరికితనంతో దాక్కున్న రచయిత్రి కాదు. మరి ఆ శారద ఎందుకు? నాకు తోచినది చెబుతాను. వ్యాసం రాస్తే ఆడవాళ్లకు ఉపదేశం చెయ్యాలి. అప్పటి స్త్రీల పత్రికల్లో మగవాళ్లు రాసిన వ్యాసాలన్నీ ఉపదేశాలే. ఉత్తరం రాస్తే చెవిలో చెప్పినట్టు చెప్పొచ్చు. విడాకులు కావాలని వేదిక మీద అనటం వేరు, "చూడు కల్పలతా" అని మొదలుపెట్టి అనటం వేరు. రెండో పద్ధతిలో ఎదురుగా పోట్లాడేవాడు లేడు. మగవాళ్లు చదివినా పక్కింటివాళ్ల మాటలు గోడచాటున విన్నట్టే వినాలి. అందుకు ఒక స్నేహితురాలు కావాలి, ఆ స్నేహితురాలికి రాయటానికి తనకంటే కొంచెం తేలికపాటి మనిషి కావాలి. వరలక్ష్మమ్మ అంటే మళ్లీ పాతపేరే, నోముల పేరు. శారద అంటే చదువుకున్న పిల్ల. లేఖలు పుస్తకంగా వచ్చినప్పుడు అట్ట మీద వరలక్ష్మమ్మ పేరే ఉంది. కానీ పుస్తకాలు అప్పు తీసుకునే ఆడవాళ్ల నోట మిగిలింది శారదే.

ఇప్పుడు "తెనాలి ఆవిడ."

ఆ శారద ఎస్. నటరాజన్. 1924లో పుదుక్కోటలో పుట్టిన తమిళుడు. 1937లో పన్నెండు పదమూడేళ్ల వయసులో తెనాలి చేరాడు. హోటల్లో కప్పులు కడిగి, సర్వరుగా బల్లలు తుడిచి, కూడబలుక్కుని తెలుగు నేర్చుకుని, 1946 నుంచి 1955 ఆగస్టులో మూర్ఛరోగంతో చనిపోయేదాకా తొమ్మిదేళ్లు మాత్రం రాసి, మంచీ చెడూ, ఏది సత్యం, అపస్వరాలు నవలలూ రక్తస్పర్శ లాంటి కథలూ ఇచ్చి వెళ్లాడు. తోటి హోటల్ పనివాడూ స్నేహితుడూ అయిన ఆలూరి భుజంగరావు తర్వాత రాసిన సాహిత్య బాటసారి శారద చదివితే ఆ తొమ్మిదేళ్ల ఆకలి తెలుస్తుంది.

తెనాలికి ఈ పేరుతో ఏదో ఋణం ఉన్నట్టుంది. అక్కడే పుట్టిన సరస్వతీదేవి అనే అమ్మాయి సినిమాల్లోకి వెళ్లి శారద అయింది. మూడుసార్లు జాతీయ ఉత్తమనటి అయి ఊర్వశి శారద అనిపించుకుంది. 1973లో కె. విశ్వనాథ్ తీసిన శారద సినిమాలో శారద పాత్ర ఆవిడదే. 1996లో తెనాలి నుంచే లోక్‌సభకు వెళ్లింది. సరస్వతి పేరు మార్చుకుని శారద కావటంలో అర్థం మారలేదు, కాలం మారింది.

ఆడపేరు పెట్టుకుని రాసిన మగవాళ్లంటే మనకు సహజంగానే కొంచెం అనుమానం ఉంటుంది. 1960లు, 70లలో రచయిత్రుల నవలలకు గిరాకీ వచ్చినప్పుడు భార్యల పేర్లూ కల్పిత స్త్రీల పేర్లూ పెట్టుకుని వారపత్రికల్లోకి వచ్చినవాళ్లున్నారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ "పురాణం సీత" పేరుతో రాసిన ఇల్లాలి ముచ్చట్లు అందరూ ఇష్టంగానే చదివారు. ఇల్లాలి నోటితో ఇంటాయన మాట్లాడటంలో ఉన్న సౌఖ్యం గురించి ఇంకోసారి మాట్లాడుకోవచ్చు. నటరాజన్‌ను ఆ వరసలో కట్టటం మాత్రం అన్యాయం. 1946లో ఆడపేరుకు బజారులో రేటు లేదు. పైగా ఆయనకు సొంత పేరు వల్ల ఒరిగేదీ లేదు. నటరాజన్ అంటే తమిళ హోటల్ కుర్రాడు. శారద అంటే తెలుగు రచన.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించేది ఆయన ఉద్దేశం కంటే తునిలో జరిగిన చదువు. పత్రికలోంచి వారం వారం కత్తిరించి, సూదీదారంతో కుట్టి, ఒక ఆడది రాసిందన్న నమ్మకంతో మంచీ చెడూ నవలను వీధంతా చదివింది. జాబితాలో ఎక్కువ పెన్సిలు గీతలు ఆ పుస్తకం పక్కనే ఉన్నాయి. పొయ్యి వేడీ, ఎంగిలి పళ్లాలూ, ఇంకొకళ్ల కడుపు నిండాక తినే మిగులూ తెలిసిన మనిషి చెయ్యి అది అని వాళ్లకు అనిపించి ఉండాలి. ఆ అనుభవం మన సమాజంలో ఆడవాళ్లకు ఇంట్లో ఊరికే దొరుకుతుంది, నటరాజన్‌కు జీతానికి దొరికింది. వాళ్లు పేరు చూసి పొరబడ్డారని సులువుగా అనేయొచ్చు. వంటిల్లు చూసి గుర్తుపట్టారని నేనంటాను. అయితే దీనికి రెండో వైపూ ఉంది. మగవాడికి శారద అన్న పేరు అడగకుండా దొరికింది, తీసుకున్నాడు, అది ఆయనదై నిలిచింది. ఇప్పుడు సాహిత్య చరిత్రల్లో ఇంటిపేరు అక్కర్లేకుండా "శారద" అంటే ఆయనే. ఆ పేరుతో పుట్టి, ఆ పేరుతో రాసిన ఆడమనిషికి మాత్రం ఆ పేరు ఒక్కటే చాలలేదు.

ఆవిడే ఆచంట శారదాదేవి. 1922లో విజయవాడలో పుట్టింది. తిరుపతి పద్మావతీ మహిళా కళాశాలలో చాలా ఏళ్లు తెలుగు చెప్పింది. పగడాలు, ఒక్కనాటి అతిథి, పారిపోయిన చిలక, మరీచిక, వానజల్లు ఆవిడ కథాసంపుటాలు. 1999లో పోయింది. మొత్తం వరసలో ఈమె ఒక్కతే తన పేరుతో, తనే, ఆడదిగా, రచయిత్రిగా ఉన్న శారద. మిగతావాళ్లలో ఒకరు కల్పన, ఒకరు మగాడు, ఒకటి పత్రిక, ఒకరు దేవత, ఒకటి మగాడి ఇంటిపేరు. అయినా ఈమెకు గుర్తింపుగా ముందు "ఆచంట" తగిలించాలి. అది పశ్చిమగోదావరిలో ఒక ఊరు, పెళ్లితో వచ్చిన ఇంటిపేరు. నా స్మృతిపథంలో రాసిన ఆచంట జానకిరామ్ ఆమె భర్త.

శారదాదేవి కథల్లో పెద్ద సంఘటనలు ఉండవు. ఊరికి దూరంగా ఉన్న ఇల్లు, రావలసిన మనిషి రాకపోవటం, వచ్చిన అతిథి మర్నాడు వెళ్లిపోవటం, పంజరంలో చిలక. ఒంటరితనాన్ని ఫిర్యాదు చెయ్యకుండా, కారణాలు వెతక్కుండా, వాతావరణంలా రాస్తుంది. ఉద్యమాల కాలంలో చదివిన మనకు ఇది చాలదనిపించింది. "ఇందులో తిరుగుబాటు ఎక్కడ" అని అడిగాం. సూసీ తారూ, కె. లలితా 1990ల మొదట్లో తెచ్చిన భారతీయ స్త్రీల రచనల ఇంగ్లీషు సంకలనం రెండో సంపుటంలో ఆమె "అడవి దాగిన వెన్నెల" కథ చేర్చటం వల్ల కొందరైనా మళ్లీ వెతికారు. పారిపోయిన చిలకలో కామాక్షమ్మకు ఊసుపోదు, అంతే. ఆ "అంతే" అన్న చోట ఎంత ఉందో ఇప్పుడు చదివితే తెలుస్తుంది. మా అమ్మమ్మ జాబితాలో పగడాలు పక్కన ఒక్క గీతా లేదు. ఎవరూ తీసుకెళ్లలేదో, ఆవిడ ఎవరికీ ఇవ్వలేదో.

1940లకు వచ్చేసరికి సూరమ్మల కూతుళ్లు శారదలయ్యారు. మా పిన్ని పేరు శారద. వాళ్ల క్లాసులో ముగ్గురు శారదలట. ఇంటిపేరు మొదటి అక్షరం పెట్టి పిలిచేవారు. పెళ్లిళ్లయ్యాక ముగ్గురి అక్షరాలూ మారిపోయాయి. ఒకరి పాత పుస్తకం ఇంకొకరికి దొరికితే ఇది ఏ శారదదో పోల్చుకోవటం కష్టమయ్యేది. గ్రంథాలయాల్లో మన రచయిత్రుల పరిస్థితి దీనికి భిన్నంగా లేదు. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఒకటి, పత్రికలో "శ్రీమతి" పెట్టి పేరు మాత్రం, కలం పేరు ఇంకోటి. ఒకే మనిషి నాలుగు చోట్ల పడి ఉంటుంది. నలుగురు మనుషులు ఒకేచోట పడి ఉంటారు. 2000లలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మన పాత పుస్తకాల్ని స్కాన్ చేసినప్పుడు పేర్లన్నీ రోమన్ లిపిలోకి మార్చారు. శారదా సార్దా ఒకటైపోవటానికి అది ఇంకో దారి చేసింది.

పేరు కలవటం ఎంత దూరం వెళ్తుందో చెప్పటానికి అచ్చమాంబల సంగతి ఒక్కటి చాలు. మొదటి అచ్చమాంబ 1874లో పుట్టింది. హిందూసుందరిలో 1902లో వచ్చిన "ధనత్రయోదశి" కథ, అబలా సచ్చరిత్ర రత్నమాల ఆమెవి. ఆ రెండోది స్త్రీల జీవితాలను ఒకచోట పోగుచేసిన పుస్తకం. ఎక్కడెక్కడి ఆడవాళ్ల పేర్లో చెల్లాచెదురై ఉన్నవాటిని ఏరి తెచ్చిన మనిషి. 1905లో, ముప్ఫై ఒకటో ఏట చనిపోయింది. మరుసటి ఏడాది తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుకు కూతురు పుడితే ఆ పిల్ల పేరూ అచ్చమాంబ అయింది. ఆ పిల్ల మద్రాసులో, తర్వాత ఇంగ్లండులో వైద్యం చదివి, కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసి, బయటికొచ్చి, 1957లో విజయవాడ నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు ఎన్నికైంది. ప్రసూతి శిశుపోషణ అని తెలుగులో పుస్తకం రాసింది. కాన్పులంటే మంత్రసానే గతి అయిన రోజుల్లో ఒక డాక్టరమ్మ తేట తెలుగులో చెప్పిన పుస్తకం. "అచ్చమాంబ" అని వెతికితే సచ్చరిత్రా ప్రసూతీ పక్కపక్కన వస్తాయి. ఒకే రచయిత్రి రెండు రకాల పుస్తకాలు రాసిందనుకున్నా అనుకోవచ్చు.

వాళ్లిద్దరినీ వేరుచేసేది ఇంటిపేరు. మేనత్త భండారు అచ్చమాంబ, మేనకోడలు కొమర్రాజు అచ్చమాంబ. భండారు అత్తింటి పేరు. మేనకోడలు మాత్రం పెళ్లయినా పుట్టింటి పేరుతోనే లోకానికి తెలుసు. పెద్దావిడ కూడా ఈ పద్ధతే పాటించి ఉంటే ఇద్దరూ కొమర్రాజు అచ్చమాంబలే అయ్యేవారు. మన జాబితాల్లో ఇద్దరు రచయిత్రులు ఇద్దరుగా మిగిలారంటే ఒకామె ఇంటిపేరు మార్చుకోవటం వల్ల. దీన్ని చూసి ఏడవాలో నవ్వాలో నాకు తేలలేదు.

2010లలో ఓల్గా డాక్టర్ అచ్చమాంబ జీవితం ఆధారంగా గమనమే గమ్యం నవల రాసినప్పుడు కథానాయికకు పెట్టిన పేరు శారద. డాక్టర్ శారద. చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ లెక్కల పుస్తకం గుర్తొచ్చింది. చదువుకున్న, తన జీవితం తను నిర్ణయించుకున్న ఆడమనిషికి పేరు పెట్టాల్సి వస్తే ఎనభై తొంభై ఏళ్ల తర్వాత కూడా మన చెయ్యి అటే వెళ్లింది. అచ్చమాంబ అన్న అసలు పేరు సూరమ్మ, వీరమ్మల జాతిది. కాని ఆ పేరుతోనే ఆవిడ డాక్టరైంది, జైలుకెళ్లే పార్టీలో ఉంది, పార్లమెంటుకెళ్లింది. వరలక్ష్మమ్మ కూడా అంతే. శారదలను ఊహించినవాళ్లూ శారదల్లా బతికినవాళ్లూ ఎక్కువమంది పాత పేర్లవాళ్లే.

గ్రంథాలయాల్లో ఒకే పేరున్నవాళ్లను విడదీయటానికి పుట్టిన సంవత్సరం రాసే పద్ధతి ఒకటుంది. అచ్చమాంబ, 1874. అచ్చమాంబ, 1906. వరలక్ష్మమ్మ, 1896. శారదాదేవి, 1922. శారద, 1924, నటరాజన్. మా అమ్మమ్మ పుట్టిన సంవత్సరం మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. యానాంలో పెళ్లి రాయించినప్పుడు వయసు ఎంత చెప్పారో అదే లెక్క.